మా తాత పేరు పెట్టిన పురుగు

పరువు పోగొట్టుకోవడానికి మనుషులు రకరకాల దారులు వెతుక్కుంటారు. కొందరు పేకాటలో పోగొట్టుకుంటారు, కొందరు పంచాయతీ ఎన్నికల్లో పోగొట్టుకుంటారు. నా పరువు మాత్రం ఒక పెంకు పురుగు వీపు మీద ఎక్కి, మా తాత ఏడాది దివసం నాడు, బంధువులంతా చూస్తుండగా, వంటపొయ్యి పక్కనుంచి ఊరేగింపుగా వెళ్ళింది. ఆ కథే చెప్పబోతున్నాను. చావు ఉన్న కథ కదా, నవ్వొచ్చా అని మొహమాటపడకండి. పోయినాయన ఉండుంటే మీకంటే ముందు ఆయనే నవ్వేవాడు.

మాది తమిళనాడులో తిరువళ్ళూరు పక్కనున్న కడంబత్తూరు. అప్పట్లో నేను చెన్నైలో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా విషయం హిమాలయ అడవుల్లో బతికే పొడుగు మీసాల పెంకు పురుగులు. వీటికి ఒంటికంటే మీసం పొడుగు. పిల్ల పురుగు కట్టె లోపలే ఉండి, నెలలూ ఏళ్ళూ తొలుచుకుని తిని, రెక్కలొచ్చాక బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. కాబట్టి దాన్ని పట్టాలంటే అడవంతా పరిగెత్తనక్కర్లేదు. పురుగున్న కట్టెను ఇంటికి తెచ్చుకుని, వల కట్టి, కొత్త అల్లుడి కోసం అత్తగారు చూసినట్టు ఎదురుచూస్తే చాలు.

అటవీశాఖ అనుమతి తీసుకుని, ఒక గోనెసంచి నిండా అక్కడి ఓక్ చెట్ల ఎండుకొమ్మలు కోసుకుని రైల్లో వచ్చాను. తిరువళ్ళూరు స్టేషన్లో ఒక పోలీసాయన ఆపాడు. మా వైపు గోనెసంచిలో దుంగలు మోసేవాడు కనిపిస్తే ఎవరికైనా ఒకటే అనుమానం, ఎర్రచందనం.

"ఎన్నప్పా, సెమ్మరమా?"

"కాదు సార్. హిమాలయం కట్టెలు. లోపల పురుగులున్నాయి."

ఆయన సంచిలో చెయ్యి పెట్టి ఒక కొమ్మ తీసి, తిప్పి చూసి, మళ్ళీ లోపల పడేశాడు. "పుచ్చిన కట్టెను అంత దూరం నుంచి మోసుకొచ్చినావా?" అని తమిళంలో జాలిపడి పొమ్మన్నాడు. తర్వాత ఎందరో పండితులు నా పరిశోధనను సమీక్షించారు గానీ, అంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

ఇక మా తాత. పేరు మునుసామి. ఆయన ఎక్కిన కొండ తిరుత్తణి ఒక్కటే. ఏటేటా ఆడికృత్తికకు కావడి మోసేవాడు. కాశీకి పోవాలి, అట్నుంచి అటు హిమాలయం చూడాలి అన్నది నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన నోట విన్న కోరిక. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం పడేది. ఒక ఏడు మామిడి పూత, ఒక ఏడు ఆవు ఈనడం, చివరికి మోకాళ్ళు. మనవడు హిమాలయాలకు వెళ్ళాడని ఊరంతా చెప్పుకుని, ఎందుకు వెళ్ళాడో తెలిశాక కాస్త నీరసించాడు.

"ఏందిరా మణీ, అంత దూరం పొయ్యి, దేవుణ్ణి చూడకుండా పూచిని చూసొచ్చినావా?"

మా వైపు పురుగును పూచి అనే అంటారు. సంచి విప్పి చూపించాను. ఒక కట్టె తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు వాసన చూశాడు.

"హిమాలయం కట్టెనా ఇది? బాగా మండుతాదా?"

"తాతా! ఇవి మండించేవి కాదు. నా చదువంతా దీంట్లో ఉండాది."

"కట్టె అన్నాక మండాల్సిందే. మనిషన్నాక పోవాల్సిందే. నువ్వు యాడ దాచిపెట్టినా అంతేరా" అని కట్టెను సంచిలో పెట్టి, చేతులు దులుపుకోకుండా అలాగే లేచి వెళ్ళాడు.

కట్టెలన్నీ వెనక కొట్టంలో ఒక నీలం డ్రమ్ములో వేసి, మూతికి దోమతెర కట్టి, ఎవరూ ముట్టరాదని తమిళంలో రాసి అంటించాను. అది చూస్తూ ఏకాంబరం బావ గడప దగ్గర నిలబడ్డాడు. ఆయన మా అక్క మొగుడు. మా ఇంట్లోనే ఉంటూ, తిరుత్తణి అవతల ఉన్న మా మామిడితోట సాగు చేసేవాడు.

"మణీ, తోటలో చెట్లు ఒకటొకటిగా ఎండిపోతాండాయి. మాను మొదట్లో రంపప్పొట్టు మాదిరి రాలతాండాది. నువ్వు పూచి చదువు చదివేవాడివి గదా, ఒక తూరి వచ్చి చూడకూడదా?"

"బావా, నాది హిమాలయం."

"ఆడ పురుగైతే ఏం, ఈడ పురుగైతే ఏం?"

"తేడా ఉండాది బావా. మామిడి పురుగును వ్యవసాయం చదివినోళ్ళు చూస్తారు. నావి అరుదైనవి."

ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎలా ఉండిందో తలుచుకుంటే, ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బావ తువ్వాలు భుజాన వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

కార్తీకంలో నేను రెండోసారి హిమాలయాలకు వెళ్ళి ఉండగా తాత పోయాడు. ఫోను పలకని అడవి. కబురు నాకు చేరి, నేను కొండ దిగి, రైళ్ళు మారి ఇంటికొచ్చేసరికి దహనమే కాదు, ఎముకలు ఏరడం కూడా అయిపోయింది. వాన కుండపోతగా కురుస్తోంది. ఆయన నులకమంచాన్ని గోడకు నిలబెట్టి ఉన్నారు. "నీ పేరే తలుస్తా ఉన్నాడురా కడదాకా" అని అక్క ఏడ్చింది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషికి ఒక కట్టెపుల్ల వేయడానికి కూడా నేను లేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అంత బాధలోనూ నేను చేసిన పని వినండి. ముక్కు చీదుకుని నేరుగా కొట్టంలోకి వెళ్ళి డ్రమ్ము చూశాను. దోమతెర కట్టింది కట్టినట్టే ఉంది. వెనకాలే బావ వచ్చాడు.

"అంతా సరిగ్గా ఉండాదా మణీ?"

"ఉండాది బావా."

"కట్టెలు సరిగ్గా ఉండాయా?"

"ఉండాయి బావా."

"తక్కువేం లేవు గదా?"

"లేవు."

బావ పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు. అన్నిసార్లు ఎందుకు అడిగాడని ఆలోచించే బుద్ధి నాకుంటే ఈ కథే లేదు. కట్టెల మీద ఉండాల్సిన నాచు కనిపించలేదు. మా ఊరి ఎండకు రాలిపోయిందని సర్దుకున్నాను. చూరు నుంచి నీళ్ళు నా నెత్తిమీద కారుతుండగా ఆ మాట అనుకున్నాను.

ఆడిమాసంలో, అంటే ఆషాఢంలో, డ్రమ్ములోంచి ఒక పురుగు బయటికొచ్చింది. ఒకే ఒక్కటి. చిన్నది, వెలిసిపోయిన రంగు, ఎంత మీసమో! వెంటనే మా గైడు మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, కొత్త జాతి! హిమాలయ పురుగుల పుస్తకాలన్నీ తిరగేశాను, ఎక్కడా లేదు."

"ఇంకొకటి వచ్చేదాకా ఆగు సుబ్రమణీ."

"ఎందుకు మేడం? ఒక్కటి చాలు కదా."

"అది వచ్చింది ఏ చెట్టు కట్టె?"

"ఓక్, మేడం. నా చేత్తో కోశాను."

"ఖాయమేనా?"

"నా కట్టెను నేను గుర్తుపట్టనా మేడం?"

మేడంగారిది పేడపురుగుల మీద పాండిత్యం. మీసాల పురుగుల సంగతి వచ్చేసరికి నా మాట నమ్మేవారు, పాపం. సైజు ఎందుకింత చిన్నది అని ఆమె అడిగితే, ఆ చిన్నతనమే ఈ జాతి ప్రత్యేకత అన్నాను. వ్యాసంలో ఒక పేజీ నిండా మీసాల మీదే రాశాను. మీసంలో ఒక్కొక్క కణుపు పొడవూ కొలిచాను.

పేరు మాత్రం ఆలోచించలేదు. ముందే నా గుండెలో ఉంది. మునుసామి అన్న పేరుకు లాటిన్ తోక తగిలించి 'మునుసామియి' అని పెట్టాను. ఆఖరిచూపుకు లేని మనవడు, ఆయన పేరును ఆయన చూడాలనుకున్న హిమాలయం మీద శాశ్వతంగా నిలబెడితే ఆ లోటు కొంతైనా తీరుతుందని నిజంగా నమ్మాను. వ్యాసం పత్రికకు పంపిన రోజు, చాలాకాలం తర్వాత కంటినిండా నిద్రపోయాను.

దివసం వచ్చింది. తిరువళ్ళూరు నుంచి వంటమేస్త్రిని పిలిపించారు. తోటలో ఎండిపోయిన ఒక మామిడిచెట్టు కొట్టించి, మొద్దులన్నీ పెరట్లో పొయ్యి పక్కన పేర్చాడు బావ. పిండాలు అయ్యాయి, కాకి కూడా త్వరగానే ముట్టింది. అందరూ కూర్చున్నాక, నేను గాజుమూత పెట్టె పట్టుకుని లేచాను. పరిశోధనశాల దాటించకూడని నమూనా అది. గొప్ప కోసం తెచ్చాను.

"ఇదో, హిమాలయంలో కొత్త పూచి. దీనికి మన తాత పేరు పెట్టినా."

పెద్దమ్మకు చెవుడు. "ఏందీ? మునుసామి పూచిగా పుట్టినాడా?"

"కాదు పెద్దమ్మా, పేరు పెట్టినాను."

"మీసం మటుకు ఆయనదే" అంది పెద్దమ్మ, మూత మీద వేలుపెట్టి.

మా నాయన పెట్టె అందుకున్నాడు. ఆయన కోపం వస్తే తప్ప నోరు తెరవని మనిషి. రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు చూసి, "మా నాయన హిమాలయం చేరినాడు" అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నా జన్మలో మా నాయన నన్ను చూసి అంత సంతోషపడింది లేదు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా! "నాయనా, లోకం మొత్తం మీద ఇది ఒక్కటే ఉండాది" అన్నాను.

"తంబీ, ఈడ ఇంకోటి ఉండాది" అన్నాడు పెరట్లోంచి వంటమేస్త్రి.

పరిగెత్తాను. పొయ్యి సెగకు మామిడి మొద్దులోంచి ఒక పురుగు బయటికొచ్చి, తీరిగ్గా మీసాలు సవరించుకుంటోంది. దాని వెనక ఇంకొకటి. పక్క మొద్దులోంచి మరొకటి తల బయటపెట్టింది. అన్నీ నా పురుగుకు రెండింతలు, కడుపునిండా తిని నిగనిగలాడుతున్నాయి. వంటమేస్త్రి గరిటెతో ఒకదాన్ని పొయ్యిలోకి నెట్టబోయాడు.

"చంపొద్దు! అవి హిమాలయం పురుగులు! డ్రమ్ములోంచి తప్పించుకున్నాయి!"

"డ్రమ్ము ఏంది తంబీ, మొద్దులోంచి గదా వస్తాండాయి?"

"ఎంతమంది మునుసాములురా నాయనా!" అంది పెద్దమ్మ. విస్తళ్ళ దగ్గర ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

నవ్వనిది బావ ఒక్కడే. నా జబ్బ పట్టుకుని కొట్టం వెనక్కి తీసుకుపోయాడు.

"ఏడాది దాటింది, ఇంక చెప్పొచ్చు. తాత పోయిననాడు తెరిపి లేని వాన. సుడుకాట్లో చితికి పేర్చిన కట్టె తడిసి, ఎంత కిరసనాయిలు పోసినా అంటుకోలా. మీ నాయన ఆ వానలో నిలబడి చూస్తా ఉండాడు. నాకు ఇంకేం తోచలేదు. నీ డ్రమ్ములోవి ఒకటే ఇంట్లో పొడి కట్టెలు."

నేను డ్రమ్ము ఉన్న వైపు తల తిప్పాను.

"కాడులో కాలే కట్టె బాకీ ఉండకూడదు గదా. ఎవరిది తీస్తే వాళ్ళకు, ఎముకలు ఏరేలోపల, అంత కట్టె పెట్టేయాల. పెట్టినామని ఏడాదిదాకా చెప్పకూడదు, చెప్తే చెల్లదు. తోటలో ఎండిన చెట్టు కొట్టించి, నీ కొమ్మల లావే చూసి చూసి పెట్టినాను మణీ. ఒక్క పుల్ల తక్కువ పెట్టలేదు."

ఆ కట్టుబాటు నాకు తెలియనిది కాదు. ఓక్ ఎక్కడ, మామిడి ఎక్కడ అన్నదే నాకు తెలియలేదు. వ్యవసాయ కాలేజీలో మొదటి ఏడు పిల్లలకు నేర్పే మామిడి తొలిచే పురుగు, ఎండుకొమ్మలో తిండి చాలక సగం సైజులో పుడితే, దానికి నేను హిమాలయం అంటగట్టాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను తోటలో పురుగును పెట్టుకుని హిమాలయమంతా వెతికాను. బావ వచ్చి చూడమని అడిగిననాడు చూసి ఉంటే కొన్ని చెట్లయినా దక్కేవి. నేను దాని మీసం కొలుస్తున్నంతకాలం అది మా తోటను తింటూ ఉంది.

తిరిగి వెళ్ళేసరికి నాయన పెట్టెను ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని ఉన్నాడు. ఆ పెట్టె అడిగి తీసుకోవడం కంటే కష్టమైన పని నేను ఇంతవరకు చేయలేదు.

"నాయనా, ఇది మన మామిడి పురుగు. తాత పేరు తీసేయాల."

నాయన పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. "మరి ఆ హిమాలయం కట్టెలు యాడ పోయినాయి?"

బావ తల వంచుకుని చెప్పాడు. నాయన కొడతాడనుకున్నాను, నన్నో బావనో. కండువా తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. తర్వాత, "అదా సంగతి! ఆ వానలో అంత మంట యాడిదా అనుకుంటిని" అన్నాడు. "ముసలాయన ఆపొద్దే వాసన చూసి పెట్టుకున్నాడు. ఆయనకు కావాల్సింది ఆయన తీసుకున్నాడు, పోనీ." నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. మేడం తిట్టలేదు. "పేడపురుగులు పేడలోనే ఉంటాయి సుబ్రమణీ, అందుకే నాకు అవంటే ఇష్టం" అని మాత్రం అన్నారు. తర్వాత సెలవులన్నీ తోటలో గడిచాయి. మిగిలిన చెట్ల బెజ్జాల్లో ఇనుపతీగ పెట్టి, అరుదైనవి కాని పురుగులను ఒక్కొక్కటిగా లాగాను, బావ పక్కన కూర్చుని.

తిరుత్తణి కొండ మీద గుండు చేయించుకుని, తడి నెత్తితో మురుగన్ ముందు నిలబడి ప్రమాణం చేశాను: "స్వామీ, ఇకమీద ఏ పురుగుకైనా పేరు పెట్టేముందు, మా ఇంట్లో ఎవరు పోయారు, వాళ్ళను ఏ కట్టెతో కాల్చారు అని అడిగి తెలుసుకున్నాకే పెడతాను. తోడుగా మీసం కూడా తీయించుకున్నాను, చూడు."

ఇంతకీ ఆ ఓక్ కొమ్మల్లో నిజంగా కొత్త పురుగు ఉండిందా అంటే, ఉండే ఉంటుంది. కొత్త జాతిని ప్రకటించే వ్యాసంలో, మూల నమూనాను ఎక్కడ భద్రపరిచారో తప్పనిసరిగా రాయాలి. ఆ వ్యాసం రాసే భాగ్యం నాకు లేదు గానీ, ఆ ఒక్క వరుస మాత్రం రాసిపెట్టుకున్నాను: మా తాత దగ్గర.