తాత మీసానికి అంటిన డబ్బా పొడి

మా మనుమరాలికి ఐదు నెలలు నిండాయి. ముసిముసిగా నవ్వుతుంది గానీ, గొంతు విప్పి ఒక్కసారీ నవ్వలేదు. పక్కింటి పిల్లాడు కిలకిలలాడుతుంటే మా కోడలు విజయకు ఫికరు పట్టుకుంది, తన బిడ్డ మెదడు సరిగ్గా ఎదుగుతోందో లేదోనని. దవాఖానలో డాక్టరమ్మ భయం లేదని చెప్పి పంపింది. హన్మకొండ చౌరస్తాలో దుకాణదారు మాత్రం మెదడుకు బలమని ఒక డబ్బా పొడి అంటగట్టాడు. పిల్ల చెంచాడు కూడా మింగదు, డబ్బా మాత్రం సగమైంది.

ఈ రోజు మధ్యాహ్నం సంగతి తేలింది. రేడియో వార్తలు వింటున్నారనుకున్న మా ఆయన, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, వంటింట్లో డబ్బా పట్టుకొని దొరికారు. మీసం నిండా తెల్లటి పొడి.

"ఏం చేస్తున్నరు?"

"పురుగులు పట్టినయేమోనని చూస్తున్ననే."

"నోట్లేసుకొని చూస్తున్నరా?"

"మెదడుకు మంచిదంట గదా."

"ఉన్నదాన్నే ఇన్నేండ్లు వాడకుండ దాచిండ్రు. ఇంకింత ఎందుకు?"

ఈ లొల్లికి విజయ పిల్లనెత్తుకొని వచ్చింది. అప్పుడే ఆయనకు పెద్ద తుమ్మొచ్చి, మీసం మీది పొడి గుప్పున లేచింది. పిల్ల తాత మొహం చూసి, వాకిట్లోకి వినబడేలా పకపకా నవ్వింది. విజయ కళ్లు తుడుచుకుంటూ, "మామయ్యా, జర ఇంకోసారి తుమ్ముండ్రి" అని బతిమాలింది.

ఆ పొడి పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటున్నాను. కాకపోతే దాన్ని తినాల్సింది తాత. మీ ఇండ్లల్లోనూ పిల్లల డబ్బాలు తొందరగా ఖాళీ అవుతున్నాయా? ముందు మీసాలు చూసి, ఎవరు దొరికారో నాకూ చెప్పండి.