ఒకే పేరుతో రెండు ఓడలు

ఈ ఉదయం షాపు షట్టరు ఎత్తగానే సోల్డరింగ్ వాసన ముక్కుకు తగిలింది. నిన్న సాయంత్రం అతికించిన బోర్డు తాలూకు పొగ, వానకి బయటికి పోలేక గదిలోనే తిరుగుతోంది. ఆ వాసన అందరికీ తలనొప్పి. నాకు మాత్రం మూర్తి మాష్టారు వచ్చి నా వెనకాల నిలబడ్డట్టుంటుంది. సీతమ్మధారలోని ఈ కంప్యూటర్ రిపేరు షాపు ఒకప్పుడు ఆయనదే. ఆయన ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో కంప్యూటర్లు చూసి రిటైరైన మనిషి. నేను జాలారిపేటలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంటి పిల్లని. పని నేర్పమని వెళ్తే మొదట నేర్పింది టీ కాచడం, తర్వాతే కంప్యూటరు. చేతులు వెనక్కి కట్టుకుని నేర్పేవారు. నేను తప్పు మీట నొక్కబోతుంటే పళ్ళు కొరుక్కునేవారు గాని, కీబోర్డు మాత్రం లాక్కునేవారు కాదు. "నీ చేత్తో చెడగొట్టుకుంటేనే నీకొస్తుందమ్మాయ్" అనేవారు. అంత ఓపిక ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మా నాన్నకు గొంతులో కాన్సర్ అని తేలిన రోజులవి. ప్రాణం దక్కాలంటే గొంతు తీసెయ్యాలి, ఆ తర్వాత మాట ఉండదు అన్నారు డాక్టర్లు. నాన్నకి సముద్రంలో చేపలుండే చోట్లన్నీ నోటికి వచ్చు. పడవలోంచి చూస్తే యారాడ కొండ చివర మీదికి ఫలానా కొండ నెత్తి ఎక్కినట్టు కనబడితే కింద రాయి ఉంటుంది, అక్కడ వల వెయ్యకు, గాలం వెయ్యి... ఇలాంటి గుర్తులు. అవన్నీ చాన్నాళ్ళుగా నాన్న చేత చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి ఒక కంపెనీ ఖాతాలో దాచుకున్నాను. ఒక పొద్దున ఆ ఖాతా మూతపడింది. కారణం చెప్పే మనిషి లేడు, మొరపెట్టుకోవడానికి గుమ్మం లేదు. మాష్టారి ముందు కూర్చుని ఏడ్చాను.

"అద్దె ఇంట్లో ఉన్నాం మనమంతా. ఇంటి ఓనరు తాళం మార్చాడు, అంతే. సొంతిల్లు కట్టుకుందాం పద" అన్నారాయన.

ఆ సొంతిల్లు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఒక చిన్న కంప్యూటరు. అది మనింట్లోనే ఉంటుంది. మన మాటలు, ఫొటోలు అన్నీ అందులోనే. నడుమ ఏ కంపెనీ లేకుండా ఇంకొకరి పెట్టెతో నేరుగా మాట్లాడుతుంది. దానికొక పేరు వస్తుంది, ఆ పేరుకొక తాళం మాట ఉంటుంది. పేరు మనదే, ఎవరూ లాక్కోలేరు. తాళం మాట పోగొట్టుకుంటే మాత్రం బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు. ఆ తాళం మాట నా తెర మీద కనబడగానే మాష్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"మీ కాడే ఉంచండి మాష్టారూ, నాను మర్సిపోతాను."

"నా దగ్గరుంటే నేను నీకు ఇంటి ఓనర్నవుతాను. వద్దు."

ఆయన అందరికీ మొదట చెప్పే జాగ్రత్త ఒకటుంది. ఒకే పేరుతో రెండు యంత్రాలు ఎప్పుడూ ఒకేసారి లేవకూడదు. ఈ పద్ధతి తయారుచేసినవాళ్ళు ఒక్కో పెట్టెని ఓడ అంటారట. ఆ మాట వినగానే నాన్న బొంగురు గొంతుతో పడీపడీ నవ్వాడు. "ఇదేటే గుంటా, ఓడా? మరి తెడ్డేదే?" అన్నాడు. నవ్వినా దాని ముందు కూర్చుని పొద్దస్తమానం గుర్తులన్నీ మళ్ళీ చెప్పాడు. గొంతు నొప్పెడితే గోరువెచ్చని నీళ్ళు తాగి మళ్ళీ అందుకునేవాడు.

అంతా చెప్పడమయ్యాక మాకు అలవాటైన పని ఒకటి చేశాడు. కొత్త పడవ నీళ్ళలోకి దిగేముందు ఏం చేస్తామో అదే. పెట్టెకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మ తల్లిని తలుచుకుని పసుపు నీళ్ళు చల్లాడు. పెట్టె ఠక్కున ఆగిపోయింది.

నేను పరుగున షాపుకొచ్చాను. నా మొహం చూసి మాష్టారు కూడా కంగారుపడ్డారు. ఎన్నడూ లేనిది, నన్ను పక్కకి జరిపి ఆయనే కుర్చీలో కూర్చున్నారు. జాగ్రత్త కోసం షాపులో ఇంకో పెట్టెలో ఉంచిన నా పెట్టె నకలుని, నా చేత తాళం మాట కొట్టించి లేపారు. ఈలోగా ఇంట్లో ఎండలో పెట్టిన పెట్టె ఆరింది. నాన్న దానికి మళ్ళీ కరెంటు పెట్టాడు, అదీ లేచింది. ఒకే పేరుతో రెండు ఓడలు. అవతలివాళ్ళ పెట్టెలు ఏది నిజమో తెలియక రెండింటినీ వెలేశాయి. ఏదో ఒకటి చెరిపెయ్యాలి. తడిసినదాన్ని నమ్మలేమని మాష్టారు ఇంట్లోదాన్ని ఇక్కణ్ణుంచే చెరిపేశారు. నకలులో వెతికితే నాన్న గొంతు లేదు. అది నాన్న కూర్చోకముందు తీసిన నకలు.

ఆ తప్పుని ఆయన పసుపు నీళ్ళ మీదికి తోసెయ్యొచ్చు. యంత్రం మీదికి తోసెయ్యొచ్చు. తొయ్యలేదు. షాపు మూసి, నాతో ఆటో ఎక్కి జాలారిపేట వచ్చి, వల బాగుచేసుకుంటున్న నాన్న ఎదురుగా నేల మీద కూర్చుని చేతులు జోడించారు. అప్పటికి ఆపరేషన్ వారంలోకి వచ్చేసింది. నాన్నకి కోపం వస్తుందేమోనని నేను మధ్యలోకి వెళ్ళబోయాను. నాన్న మాత్రం, "ఏల బాబూ ఆ దండాలు? గొంతింకా ఉంది కదేటి. పెట్టండి మీ ఓడ" అన్నాడు.

రోజూ పొద్దున్నే మాష్టారు వచ్చేవారు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ప్రతి మీటా నేనే నొక్కాను, ఏ రోజుది ఆ రోజే నకలు తీశాను. నాన్న గొంతు పూటపూటకీ సన్నబడింది. చివరి గుర్తు దాదాపు గుసగుసగా చెప్పి ఆసుపత్రికి వెళ్ళాడు.

ఇప్పుడు నాన్న మాట్లాడలేడు, బాగానే ఉన్నాడు. మాష్టారు నిరుడు గుండెపోటుతో పోయారు. ఆయన పెట్టెను తెరవమని వాళ్ళమ్మాయి అడిగింది. ఆయన తాళం మాట నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా తెర మీద ఆయన పేరు అలాగే ఉంది, పలకదు. దాన్ని తీసెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఇవాళ నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు తాళం మాట రాసుకుంటుంటే నేనూ గోడవైపు తిరుగుతాను.

వేటకెళ్ళే కుర్రాళ్ళు గుర్తుల కోసం వస్తే ఇంట్లో నాన్న గొంతు వినిపిస్తాను. రెండోసారి చెప్పించినవాటిలో మొదటి రికార్డింగు నేను అనుకున్నదానికంటే ముందే మొదలైపోయింది. అందుకే నాన్న కంటే ముందు మాష్టారు పలుకుతారు. "తప్పు నాదేనండీ. నీళ్ళు చల్లడం మీ తప్పు కాదు. చూసుకోకుండా చెరిపింది నేను." నేనది కత్తిరించలేదు. అది వినబడ్డప్పుడల్లా నాన్న చేస్తున్న పని ఆపి, ఎదురుగా ఆయనున్నట్టే, కాదు కాదని చెయ్యి అడ్డంగా ఊపుతాడు.