జ్ఞానముత్తు పూసిన పేస్టు

2002లో నేను విరుదునగర్‌లో ఒక ఇంజిన్ ఆయిల్ కంపెనీకి టెక్నికల్ సర్వీస్ ఇంజినీరుని. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. పని మాత్రం మోటారు సైకిలు మీద శివకాశి, అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి తిరిగి, మా ఆయిలే ఎందుకు మంచిదో వర్క్‌షాపుల్లో చెప్పుకోవడం.

ఆ ఏడు కంపెనీ సింథటిక్ ఆయిల్ తెచ్చింది. మామూలు మినరల్ ఆయిల్‌ని ముడి చమురు నుంచి శుద్ధి చేసి తీస్తారు. సింథటిక్‌ని రసాయనికంగా కూర్చి తయారు చేస్తారు. అది వేడికి తొందరగా పాడవదు, ఎక్కువ కిలోమీటర్లు నిలుస్తుంది. ధర కూడా చాలా ఎక్కువే. నోటిమాట నమ్మి ఎవరు కొంటారు? అందుకని యూజ్డ్ ఆయిల్ అనాలిసిస్ చేయించేవాళ్ళం. బండిలో వాడిన ఆయిల్ కాస్త సీసాలో పట్టి మద్రాసు ల్యాబ్‌కి పంపితే, అందులోకి ఇనుము ఎంత అరిగి చేరిందో, మట్టి ఎంత కలిసిందో, ఆయిల్‌లో సత్తువ ఎంత మిగిలిందో కాగితం మీద వేసి పంపుతారు. ఇంజిన్‌కి రక్తపరీక్ష అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పేటప్పుడు డాక్టరంత గర్వం కూడా ఉండేది నాకు.

కోవిల్‌పట్టిలో వేలుసామి నాయకర్‌కి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు పనివాళ్ళను చేరవేసే వ్యాన్లు పన్నెండు ఉండేవి. ఆయన ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే. ఆ చనువుతో ట్రయల్‌కి ఒప్పించాను. ఒకే ఏడు కొన్న రెండు వ్యాన్లు తీసుకుని ఒకదాంట్లో మినరల్, ఇంకోదాంట్లో సింథటిక్ పోశాం. రెండూ ఒకే దారిలో తిరుగుతాయి. సింథటిక్ గెలిస్తే పన్నెండు వ్యాన్లకూ మా ఆయిలే.

ఆ వ్యాన్లుండే షెడ్డుకి మెకానిక్ జ్ఞానముత్తు ఒక్కడే. ఎట్టయాపురం దగ్గరి పల్లె నుంచి పదకొండేళ్ళుగా బస్సులో వచ్చి పోతున్న మనిషి. వాళ్ళ ఇంట్లో కూడా తెలుగే, చర్చిలో మాత్రం అరవంలో ప్రార్థన. ఇంజిన్ వేడిగా ఉండగానే అడుగున ఆయిల్ వదిలే ప్లగ్ తీయాలి, మొదటి ధార వదిలేయాలి, మధ్య ధారలోంచి శాంపిల్ పట్టాలి. అతనికి ఇది ఒక్కసారే చెప్పాను. మళ్ళీ చెప్పే అవసరం రాలేదు.

మొదటి శాంపిల్ పట్టిన రోజు సీసా నా చేతికిస్తూ అన్నాడు:

"అన్నా, ఒక సంగతి. ఈ సింథటిక్ బండికి పోయిన వారం టాపెట్ కవరు విప్పితిని. పక్కనుంచి ఆయిల్ కారతా ఉండె. పేస్టు రెండు చుట్లు దట్టంగా పూసి మూసినా. మీ కాగితంలో రాసుకోండి."

టాపెట్ కవరంటే ఇంజిన్ పైమూత. ఆయిల్ కారకుండా దాని అంచుకు గాస్కెట్ పేస్టు పూస్తారు. సీసాతో పంపే ఫారంలో 'ఇటీవల చేసిన రిపేర్లు' అని ఒక గడి ఉంటుంది. జ్ఞానముత్తు చెప్పింది ఆ గడిలోకే వెళ్ళాలి. నేను తలూపాను. రాయలేదు. మూత విప్పిన ఇంజిన్‌ని ట్రయల్ నుంచి తీసేయాలని మా కంపెనీ నియమం. తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది, ఆర్డర్ వెనక్కి పోతుంది. ఇంత చిన్న మరమ్మతుకు అంతెందుకులే అనుకున్నాను.

రిపోర్టు వచ్చింది. సింథటిక్ వ్యాన్‌లో చిక్కదనం బాగుంది, ఇనుము మినరల్ వ్యాన్ కంటే తక్కువ. ఒక్క సిలికాన్ మాత్రం బాగా ఎక్కువ. సిలికాన్ అంటే ఇసుకలో, మట్టిలో ఉండే పదార్థం. 'ధూళి చేరి ఉండవచ్చు, ఎయిర్ ఫిల్టర్ చూడండి' అని అడుగున రాశారు. నేను పుట్టింది ఆ కరిసల్ నేలలోనే. ఎండలకు ఆ నల్లమట్టి లేచిందంటే అన్నంలోకీ కళ్ళలోకీ వస్తుంది. మా వైపు ఏది చెడిపోయినా ముందు దూసి మీదికి తోసేస్తాం. దూసి అంటే దుమ్ము. నేనూ రెండో ఆలోచన లేకుండా అదే చేశాను.

నాయకర్ కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఏమి తమ్ముడూ, అంత విలువైన నూనె అంటివి. దీంట్లోకి మన్ను ఎట్ల వచ్చె?"

"నూనె తప్పు లేదయ్యా. ఫిల్టరు సరిగ్గా చూసుకోకపోతే ఏ నూనెలోకైనా దూసి పోతాది."

జ్ఞానముత్తు అక్కడే నిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటున్న గుడ్డ కింద పెట్టాడు. "లేదు మొదలాళీ" అన్నాడు యజమానితో. " వారం వారం ఫిల్టరు తీసి ఊదతా ఉండాను. అన్నా, మీకాడ చెప్తినే, పేస్టు పూసినానని. దాంట్లోనుంచి వచ్చి ఉంటాదా?"

నేను నవ్వాను. అవును, నవ్వాను. "పేస్టుకూ మన్నుకూ ఏమి సంబంధం జ్ఞానముత్తూ?"

నాయకర్ అప్పటిదాకా మాట్లాడిన తెలుగు వదిలేసి అరవంలోకి మారాడు. బయటివాళ్ళతో మాట్లాడేది మాకు అరవంలోనే. రేపట్నుంచి రానక్కర్లేదని జ్ఞానముత్తుకు ఆ భాషలో చెప్పాడు. ఇనుము తక్కువన్న అంకె చూసి, పన్నెండు వ్యాన్ల ఆర్డర్ కూడా ఆ పూటే ఖాయం చేశాడు. నేను బండి ఎక్కి విరుదునగర్ వచ్చేశాను.

మూడు నెలలకు అదే వ్యాన్ రెండో శాంపిల్ రిపోర్టు వచ్చింది. సిలికాన్ సగానికి పైగా తగ్గిపోయింది. ఫిల్టర్ ఎప్పుడు మార్చావని కొత్త మెకానిక్‌ని అడిగితే, దాని జోలికే పోలేదన్నాడు. ల్యాబ్‌లో రిపోర్టులు రాసే కెమిస్ట్ అమ్మాయికి ఫోన్ చేశాను.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఆ ఇంజిన్ ఈ మధ్య విప్పారా సార్?" అని.

విప్పారన్నాను.

"అయితే అది పేస్టే. అందులో ఉండేది సిలికానే సార్. కొత్తగా పూస్తే కొన్నాళ్ళు ఆయిల్‌లోకి దిగుతుంది, తర్వాత తగ్గిపోతుంది. మట్టయితే అల్యూమినియం కూడా పెరగాలి, ఇనుము పెరగాలి. మొదటి రిపోర్టులో రెండూ తక్కువే కదా! ఫారంలో విప్పినట్టు రాసుంటే నేను ధూళి అని రాసేదాన్నే కాదు."

ఫోన్ పెట్టేసి మొదటి రిపోర్టు మళ్ళీ తీశాను. ఆ అంకెలు నా దగ్గర మూడు నెలలుగా ఉన్నాయి. ఇనుము తక్కువని మా ఆయిల్‌ని పొగుడుకోవడానికి వాడుకున్నాను గానీ, మట్టి చేరిన ఇంజిన్‌లో ఇనుము ఎట్లా తక్కువగా ఉంటుందని నన్ను నేను అడగలేదు. పదో తరగతి దాటని మెకానిక్‌కి తట్టింది, నాకు తట్టలేదు.

నాయకర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "పోనీ లేయ్యా. కొత్త మనిషిని పెట్టుకుంటిని గదా. దీన్ని ఊరంతా చెప్పబాక, నాకూ అవమానం, నీకూ అవమానం" అన్నాడు. ఆ మాటకు నేను తేలికపడ్డాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తర్వాతి ఆదివారం బస్సెక్కి జ్ఞానముత్తు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఫిల్టర్ చూడని మెకానిక్ అన్న పేరు అన్ని షెడ్డులకూ పాకింది. ఎవరూ పనివ్వకపోతే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కట్టలు మోస్తున్నాడు. వాళ్ళ ఆవిడ కాఫీ తెచ్చిపెట్టింది. ఫారంలో రాయకపోవడంతో సహా అంతా చెప్పాను. ఆవిడ అంది, "అట్లయితే ఈ మాట రాసి ఇయ్యండి అన్నా. షెడ్డుల్లో చూపించుకుంటాడు."

నా సంచిలో కంపెనీ లెటర్‌ప్యాడ్ ఉంది. దాన్ని తీయలేదు. డైరీలో ఒక కాగితం చింపి అరవంలో రాశాను. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది తర్వాత హైదరాబాదు బదిలీ అయ్యాక. ఆయిల్‌లో కనబడిన సిలికాన్ పేస్టు నుంచి వచ్చిందనీ, మెకానిక్ తప్పు ఏమీ లేదనీ రాసి సంతకం పెట్టాను.

జ్ఞానముత్తు కాగితం రెండుసార్లు చదివాడు. "నేను మీకాడ చెప్పింది దీంట్లో లేదే అన్నా. మీరు రాయకుండా వదిలింది కూడా లేదే."

"అది రాస్తే నా పని పోతాది జ్ఞానముత్తూ."

అతను నా ముఖంలోకి చూశాడు. "నా పని పోయెనే అన్నా" అన్నాడు. గొంతులో కోపం లేదు. కాగితం మడిచి భార్య చేతికిచ్చి, నన్ను బస్సు రోడ్డు దాకా సాగనంపాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే ఉద్యోగం చేశాను. మెకానిక్ చెప్పింది చెప్పినట్టు ఫారంలో ముందు రాయండి, రిపోర్టు తర్వాత చదువుదురు గాని అని కొత్తవాళ్ళందరికీ నేర్పాను. ఎందుకని అడిగితే పద్ధతి అన్నాను. ఆ ఆదివారం నేను రాయవలసింది మూడు ముక్కలే. జ్ఞానముత్తు చెప్పాడు. నేను విన్నాను. రాయనిది నేనే.