పక్క మార్చే సైరను

అమ్మని చూసుకోడానికి పెట్టుకున్న దీదీ ఇవాళ ఆమెను పక్కకి తిప్పి, వీపుకి పౌడరు అద్దింది. ఆ వాసనకి భిలాయిలో మా పాత క్వార్టరు, తొంభైల్లో అక్కడ నాయనమ్మ పడుకున్న మంచం గుర్తొచ్చాయి.

నాయనమ్మకి పక్షవాతం. స్టీలు ప్లాంటు షిఫ్టు సైరను మోగగానే అమ్మ గ్యాసు తగ్గించి వచ్చి, "ఒలే, ఓ చెయ్యెయ్యి" అని నన్ను పిలిచేది. ఇద్దరం దుప్పటి పట్టుకుని నాయనమ్మని ఒత్తిగిలబెట్టేవాళ్లం. "ఏటే, అప్పుడే షిఫ్టు మారిపోనాదేటి?" అనేది నాయనమ్మ.

సైరను మోగేది అందుకేననుకున్నాను. "మీ ఇంట్లో ఎవర్ని తిప్పుతారు?" అని పక్క క్వార్టరు పింకీని హిందీలో అడిగాను. ఎవర్నీ తిప్పరంది. మరి వాళ్లకి సైరనెందుకో అర్థం కాలేదు.

నాయనమ్మ పోయిన మర్నాడూ సైరను మోగింది. అమ్మ గ్యాసు తగ్గించి, ఖాళీ మంచం దాకా వెళ్లి నిలబడింది. నన్ను పిలవలేదు. ఏడవనూ లేదు.

"రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే పుళ్లు పడతాయి" అంటూ దీదీ ఫోనులో అలారం పెట్టుకుంది. నేను తలూపాను.

సైరను ఎనిమిది గంటలకోసారి మోగేది. నాయనమ్మ వీపు మీద ఒక్క పుండు కూడా పడలేదు. మధ్యలో అమ్మ ఒక్కతే ఎన్నిసార్లు తిప్పేదో నేనెప్పుడూ చూడలేదు.