ఆ సినిమాల జాబితా నాది కాదు

సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్ రైలు స్టేషన్ మెట్లు దిగుతుంటే కర్రీ పఫ్‌లు వేగుతున్న వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు ఆకలి వెయ్యదు. సైన్స్ పార్క్‌లోని మా పాత ఆఫీసు, లైట్లు తీసేసిన మీటింగ్ గది, తెర మీద కదలకుండా ఆగిపోయిన ఒక అమెరికన్ కుటుంబం, పక్కనే రిమోట్ పట్టుకుని నిలబడ్డ మెహరున్నీసా ఆంటీ గుర్తొస్తారు.

ఆమెది హైదరాబాద్. మా అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాసిపెట్టే పని. నేను గుంటూరు నుంచి వచ్చిన కొత్త. మా ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే. ఒకసారి హెడ్డాఫీసు మేనేజరు ఫోన్‌లో "శుక్రవారానికి అవుతుందా?" అని అడిగితే "ప్రయత్నిస్తాను" అన్నాను. అవదని నా ఉద్దేశం. అవుతుందని ఆయన రాసుకున్నాడు. శుక్రవారం నాకు పడ్డ చివాట్లు పక్క సీటులోంచి విన్న ఆంటీ, "బుధవారం లంచ్‌కు రా బేటా, సినిమా చూద్దాం" అన్నారు.

కొత్తగా వచ్చినవాళ్లం ఆరుగురం. మనిషికొక కర్రీ పఫ్, ఆమె తమ ఇంటి దగ్గరున్న ఈ స్టేషన్ కిందే కొని తెచ్చేవారు. ఆమె ఎంచినవన్నీ ఎవరూ పెద్దగా చూడని చిన్న అమెరికన్ సినిమాలు. భవనాలు పేలవు, కార్లు ఎగరవు. వంటగదులు, స్కూలు మైదానాలు, రోడ్డు పక్క హోటళ్లు. మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు. "గాయన ఫ్యాక్టరీ ఓనర్ గదా. కాఫీ ఎవరు పోసిచ్చిన్రు?" "ఆయనే పోసుకున్నాడు ఆంటీ." "మరి నువ్వు మేనేజర్ ఫోన్ జేస్తే కుర్చీల కెల్లి లేస్తవెందుకు?"

ఇంకోసారి, భోజనాల బల్ల దగ్గర కూతురు తండ్రితో "నేను రాను" అనే చోట ఆపారు.

"అన్నంక ఏం జేసింది పిల్ల?"

"ఏం చెయ్యలేదు. బంగాళదుంప తింటోంది."

"అదే. మనం కాదు అన్నంక దానికి పది మాటలు తోక లెక్క కడ్తం. ఏమనుకోకండి, ఈసారికి, మళ్ల చూద్దాం. ఆఖర్కి అది అవును అయి కూసుంటది. కాదు అను. ఆలుగడ్డ తిను."

మేం నవ్వాం. నవ్వుతూనే నేర్చుకున్నాం. రెండేళ్లకు నన్ను మూడు వారాలు అమెరికా పంపారు. తిరిగొచ్చాక, ఆ బుధవారాలను కొత్తవాళ్లందరికీ శిక్షణగా మారుద్దామని డైరెక్టరు మీటింగ్ పెట్టాడు. నడిపేవారికి పర్మనెంట్ ఉద్యోగం. "ఎవరు నడుపుతారు?" అంటే అందరూ ఆంటీ వైపు చూశారు. నేను నోరు తెరిచాను. "ఆమె ఒక్కసారి కూడా అమెరికా వెళ్లలేదు. నేను వెళ్లొచ్చాను" అన్నాను.

ఆంటీ రిమోట్‌ను బల్ల మీద నా వైపు జరిపారు. ఉద్యోగం నాకొచ్చింది. ఏడాది తిరక్కుండా ఆమె కాంట్రాక్టు ముగిసింది. ఆమె ఎంచిన సినిమాల జాబితా నా పేరుతో ఇప్పటికీ కొత్తవాళ్ల చేతికి వెళ్తోంది.

అమెరికా చూడని మనిషికి అమెరికా ఏం తెలుసని అనేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. నేను మూడు వారాల్లో చూసింది హోటల్ గది, ఆఫీసు కార్పెట్టు. ఆమెకు తెలిసినదాంట్లో పదో వంతు నాకు తెలియదు. ఎవరు కాదన్నా సరే, ఈ మాట రాసి ఇస్తాను.

పోయిన నెల ఆమె ఫ్లాట్‌కు వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. "నానీ, హూ ఈజ్ దిస్ అంకుల్?" అంది మనవరాలు. "నా స్టూడెంట్" అన్నారు. నేను చెప్పిందంతా విని టీ ఫ్లాస్కు నా వైపు జరిపారు. నేనే పోసుకున్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్ బేటా? నాకు తెల్సు గదా. ఆ రోజు గదిల ఉన్నోళ్లకు చెప్పు."

చెప్పాను. ఆ సాయంత్రమే పాత ఆఫీసు వాళ్ల ఫోన్ గ్రూపులో, ఆ జాబితా మెహరున్నీసా ఆంటీదని, నేను లాక్కున్నానని, నా పేరు తీసి ఆమె పేరు పెట్టాలని రాశాను. ఆ ఆరుగురిలో ఒకడు, ఇప్పుడు ఆ శిక్షణ చూసేవాడు, వెంటనే జవాబిచ్చాడు. "పాత సంగతి గురూ. అందరూ మర్చిపోయారు. ఇక వదిలెయ్."

"వదలను" అని టైపు చేశాను. అలవాటైన వేలు ఆగకుండా "ఏమనుకోకు" అని కలిపింది. ఆ రెండో మాట చెరిపేసి పంపాను. ఆంటీ ఇంటి నుంచి వస్తూ స్టేషన్ కింద కొన్న కర్రీ పఫ్ పక్కనే ఉంది. తిన్నాను. లోపల ఆలుగడ్డే.