నాలుగో అంతస్తు పైన్ చెట్టు

ఇసోగాయి ఫుమియే పుట్టిల్లు ఒక చిన్న దీవిలో ఉంది. తండ్రి సోయా పులియబెట్టే కొట్టంలో పీపాలు కడిగేవాడు. అక్కణ్ణించి పడవెక్కి, తకమత్సు నగర శివారులోని కినాషిలో, తరతరాలుగా బోన్సాయ్ పైన్లు పెంచే ఇంటికి కోడలై వచ్చింది.

వచ్చిన కొత్తలో మామగారు ఆమెను చెట్ల మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "నీళ్లు పోస్తే చాలు. కత్తెర జోలికి రాకు" అనేవాడు. ఫుమియే నీళ్లే పోసింది. ఏ కుండీలో మట్టి తొందరగా ఆరుతుందో, ఏ చెట్టు నిజంగా దాహంతో ఉందో, ఏది ఎండకు ఊరికే వాలిందో చూస్తూ ఏళ్లు గడిపింది. భర్త షోజీ మంచివాడే గాని చెయ్యి మొరటు. అతను కొమ్మకు తీగ చుడితే బెరడు చీరుకుపోయేది. చివరికి మామగారు జబ్బుతో పడుకున్న చలికాలంలో, తన తండ్రి సముద్రపు ఒడ్డున రాతి సందులోంచి తవ్వి తెచ్చిన నల్ల పైన్‌ను గుమ్మం ముందు పెట్టించుకున్నాడు. దాన్ని చాలాసేపు చూసి కోడలి వైపు తిరిగాడు.

"దీని చివుళ్లు నువ్వే చూసుకో. వాడి చేతికివ్వకు."

ఆ ఇంట్లో ఆయన ఆమెను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆయన పోయాక మరికొన్నేళ్లకు షోజీ కూడా పోయాడు. తోట నేల కొత్త రోడ్డు కింద పోయింది. ఫుమియే చెట్లన్నీ తెలిసినవాళ్లకు పంచి, నాలుగైదు చిన్న మేపుల్ కుండీలతో, ఆ నల్ల పైన్‌తో నగరంలో ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్‌కు మారింది. ఇల్లు నాలుగో అంతస్తులో దొరికింది. లిఫ్టు లేదు. పైన్‌ను ఇద్దరు కూలీలు దుప్పట్లో చుట్టి మెట్ల మీదుగా మోస్తుంటే, కింది కొమ్మ గోడకు తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటూ ఆమె వెనక్కి వెనక్కి ఎక్కింది.

బడి పిల్లలకు భోజనం వండే వంటశాలలో పని కుదిరింది. తెల్లారగానే చెట్లకు నీళ్లు, తర్వాత పని, సాయంత్రం మళ్లీ చెట్లు. బాల్కనీ ఎంతో లేదు. బట్టలారేసే గడకర్ర పోను మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత చోటు. పొద్దుటి ఎండ ఒక్క మూలకే వచ్చేది. ఆ మూలన పక్కింటి బాల్కనీకీ దీనికీ మధ్య పల్చటి అడ్డపలక ఉంది. ఆపద వస్తే దాన్ని పగలగొట్టుకుని అవతలికి దాటాలని పలక మీదే రాసి ఉంది. ఫుమియే సరిగ్గా దాన్ని ఆనించి చెక్క బల్ల వేసి, దాని మీద పైన్‌ను పెట్టింది. తుపాను గాలులకు పడిపోకుండా బల్లనూ కుండీనీ కలిపి లావు తీగతో కటకటాలకు బిగించింది.

పక్కింటావిడ కజివారా కినుయోకు ఎనభై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి గాని నోటికి ఇంకా పదునుంది.

"ఏమే ఫుమియే, మీ ముసలాడికి స్నానమైందా? ఆయన స్నానం చేసినప్పుడల్లా నా చెప్పులు తడుస్తున్నాయి!" అని పైన్‌కు నీళ్లు పోసినప్పుడల్లా పలక అవతలి నుంచి అరిచేది.

"చెప్పులు లోపల పెట్టుకోండి బామ్మగారూ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆహా, నా ఇంట్లో నా చెప్పులకు చోటు మీ చెట్టు చెప్పాలన్నమాట. మా ఆయన సారాయి కూడా ఇంత తాగేవాడు కాదమ్మా."

అలా తిట్టిన రోజునే నూడుల్స్ ఉడికించి, ఒక గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేది. అపార్ట్‌మెంట్ సంఘం పెద్ద హమాగుచి మాత్రం నవ్వుతూ మాట్లాడే మనిషి కాదు. "బల్ల అక్కణ్ణించి తీసెయ్యండి, ఇసోగాయి గారూ. అది దారి" అని చెప్పి వెళ్లాడు. ఫుమియే తల వంచి సరేనంది. చలికాలం దాటాక మారుద్దామనుకుంది. వసంతంలో కొత్త చివుళ్లు సాగుతున్నప్పుడు ఎండ మార్చకూడదనుకుంది. అలా అలా వేసవి వచ్చేసింది.

బడికి సెలవులిచ్చిన వారం, మిట్టమధ్యాహ్నం. ఆకు పొట్టిగా, గుబురుగా రావాలని వేసవి మొదట్లో చివుళ్లు తుంచిన చోట పైన్‌కు కొత్త మొగ్గలు అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి. ఫుమియే లోపల బట్టలు మడతపెడుతుండగా అవతల ఏదో పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే పలక మీద బాదుడు.

"ఫుమియే! నూనె అంటుకుంది! తలుపు దాకా పోలేను!"

కినుయో చిలగడదుంప ముక్కలు వేయిస్తూ, ఫోను మోగితే పొయ్యి అలాగే వదిలి లోపలికెళ్లింది. ఆ ఇళ్లలో వంటగది వీధి తలుపు పక్కనే ఉంటుంది. ఆమెకు మిగిలిన దారి బాల్కనీ ఒక్కటే. ఫుమియే పరుగెత్తుకొచ్చేసరికి పలక పైనుంచి నల్లటి పొగ మెలికలు తిరుగుతూ ఇటు వస్తోంది.

"తన్నండి బామ్మగారూ! కాలితో తన్నండి!"

"కాలెక్కడ లేస్తుందే, పిచ్చిదానా!"

ఫుమియే బల్లను పట్టి లాగింది. తీగ కదలనివ్వలేదు. ఎంత తుపానుకైనా ఊడకూడదని తానే బిగించిన తీగ అది. కుండీల పక్కన వేలాడుతున్న తీగలు తెంచే కత్తెర అందుకుని ఒకవైపు తెంచింది, రెండోవైపూ తెంచింది. ఆ ఇరుకులో చెట్టును ఎత్తి పక్కన పెట్టడానికి చోటు లేదు, ఒక్కదానికి అంత బలమూ లేదు. బల్ల కాళ్లు రెండు చేతులా పట్టుకుని తన వైపు గుంజేసింది. కుండీ నేల మీద పడి పగిలింది. చెట్టు పక్కకు ఒరిగి, ఆమె మోకాలిని గీరుకుంటూ కూలింది. దాని మీద కాలేసి నిలబడి, మడమతో పలకను తన్నింది. మూడోసారో నాలుగోసారో పలక విరిగింది. ఆ కంతలోంచి కినుయో చంకల కింద చేతులు వేసి ఇవతలికి ఈడ్చుకొచ్చింది. ముసలావిడ జుట్టు కాలిన వాసన వేస్తోంది. కుడి చెయ్యి బొబ్బలెక్కింది.

అగ్నిమాపకదళం వచ్చి మంటలార్పింది. అంబులెన్సులో తోడెవరని అడిగితే ఫుమియే ఎక్కింది. ఆస్పత్రిలో కినుయో ఎడమచెయ్యి ఆమె మణికట్టును వదల్లేదు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. బాల్కనీలో ఒక పక్క మసినీళ్లు నిలిచాయి. ఎవరెవరి బూట్లో మట్టిని చెల్లాచెదురు చేశాయి. పైన్ వేళ్లు తెగి, ఎండకు వేడెక్కిన సిమెంటు మీద పొడిగా పడి ఉన్నాయి. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టికి అడుగున కన్నాలు పొడిచి, ఉన్న మట్టితో చెట్టును అందులో నిలబెట్టింది. పొరుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చారు.

"మనిషి ప్రాణం కాపాడారు, ఇసోగాయి గారూ. చెట్టుదేముంది!"

హమాగుచి కూడా వచ్చాడు. బల్ల సంగతి ఎత్తలేదు. నడుము వంచి నమస్కరించి వెళ్లిపోయాడు. ఫుమియే అందరికీ తల వంచి బదులిచ్చింది. నిజమే, చెట్టుదేముంది?  ఏడుపొస్తే స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. మనిషి బతికి ఉండగా చెట్టు కోసం ఏడుస్తున్నానని ఎవరికైనా తెలిస్తే ఎలా అని సిగ్గనిపించింది.

పైన్ పచ్చగానే ఉంది. పైన్‌తో వచ్చిన చిక్కే అది. లోపల ప్రాణం పోయినా ఆకు నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఫుమియేకు అది తెలుసు. తెలిసీ పొద్దునా సాయంత్రం నీళ్లు పోసింది, ఎండ తగలకుండా వెదురు తడిక కట్టింది. వేసవి చివరికి మొగ్గలు వేలితో తాకితే రాలిపోయాయి. చలిగాలి మొదలయ్యే నాటికి సూదుల్లాంటి ఆకుల రంగు మారింది.

ఆ మధ్యే కినుయోకు కింది అంతస్తులో వేరే ఇల్లు ఇచ్చారు. ఒకరోజు కట్టు కట్టిన చేత్తో, ప్రతి మలుపులో ఆగుతూ, నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చింది. బాల్కనీ దాకా వెళ్లి చెట్టును చూసింది.

"పోయిందా?"

"పోయింది."

"నా వల్లే కదూ."

ఎవరైనా కాదనే అనేవారు. ఫుమియే నోటికి ఆ మాట రాలేదు.

"అవును. మీ వల్లే. పొయ్యి కట్టేసి వెళ్లొచ్చుగా!" అంది.  "మా మామగారి తండ్రి తెచ్చిన చెట్టు. మూడు తరాల చేతుల మీద పెరిగింది. దాన్ని నేను కాళ్ల కింద వేసి తొక్కాను."

 కినుయో మోకాళ్లు పట్టుకుని మెల్లగా చాప మీద కూలబడింది.

"ఇన్నాళ్లూ ఆ మాట అంటావేమోనని చూశానే. కనబడినప్పుడల్లా మంచిదానిలా నవ్వి ఊరుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టలేదు" అంది. "అందరూ నేను బతికానని సంతోషిస్తున్నారు. దాని కోసం ఏడవడానికి నీకు తోడెవరూ లేరు. నేనున్నాను, ఏడువు."

ఫుమియే ఏడ్చింది. పెద్దగా, కొత్తకోడలిగా వచ్చిన నాడు కూడా ఏడవనంతగా. కినుయో ఊరుకోమని అనలేదు. మధ్యలో లేచి, ఒంటిచేత్తో టీ నీళ్లు పెట్టబోయి, పొయ్యి ముందు ఆగిపోయి, వెనక్కి తిరిగి చూసింది.

"ఇది నువ్వే వెలిగించు. నాకింకా భయం."

ఆ వారంలోనే చెట్టును తీసేశారు. అపార్ట్‌మెంట్‌లో కాల్చడానికి వీల్లేదు. ఎక్కడన్నా పాతిపెట్టడానికి సొంత నేల లేదు. ఫుమియే చిన్న రంపంతో మొదట కొమ్మలు, తర్వాత మొద్దు కోసింది. కొత్త కోతలోంచి జిగురు వాసన వచ్చింది. కినుయో ముక్కల్ని ఒక్కొక్కటీ ఎడమచేత్తో అందుకుని, కాగితంలో చుట్టి, నగరపాలక సంఘం చెత్తసంచిలో పెట్టింది. ఏదన్నా ముక్క ఉంచుకుంటావా అని అడిగింది. ఫుమియే తల అడ్డంగా ఊపింది. తెల్లారి ఇద్దరూ సంచులు కిందికి దింపి, కాకులు పొడవకుండా వల కప్పి, బండి వచ్చి తీసుకెళ్లేదాకా చలిలో నిలబడ్డారు. బండి మలుపు తిరుగుతుంటే ఇద్దరూ తలలు వంచారు. చెత్తబండి కుర్రాడు అర్థం కాక, తనూ టోపీ తీశాడు.

మరుసటేడు వేసవి మొదట్లో ఫుమియే చేతులకు పని లేక తోచలేదు. అవి చివుళ్లు తుంచే రోజులు. లోకల్ రైలెక్కి కినాషి వెళ్లింది. షోజీ దాయాదులు ఇంకా అక్కడ తోట నడుపుతున్నారు. ఆ ఇంటి కోడలు ఆమెకు గొడుగు టోపీ, చిన్న పీట ఇచ్చింది. పొద్దు కుంకేదాకా వరసలో కూర్చుని వాళ్ల పైన్లకు చివుళ్లు తుంచింది. వెళ్లేటప్పుడు ఆ కోడలు, "మీకిష్టమైంది ఒకటి తీసుకెళ్లండి పిన్నిగారూ, కారులో దింపుతాను" అంది.

"వద్దమ్మా. రేపు మళ్లీ వస్తాను" అంది ఫుమియే, వేళ్లకంటిన జిగురును గడ్డికి తుడుచుకుంటూ. "ఆ చివరి వరస ఇంకా మిగిలింది."