షంషాద్ గారి నెమళ్ళు

కిరసనాయిలు వాసన ఈ రోజుల్లో ఎవరింట్లోనూ రాదు. మా ఇంట్లో వస్తుంది. ఎక్కడ సంపాదిస్తానని మాత్రం అడక్కండి. జగ్గయ్యపేటలో మా మేడమీద గదిలో కొత్త పేజీ మొదలుపెట్టే ముందు చిన్న సీసా ఒకటి మూత తీస్తాను. అందులో కిరసనాయిల్లో కలిపిన నీలిమందు ఉంటుంది. దూది ఉండని అందులో ముంచి, సూదితో పొడిచిన ట్రేసింగ్ కాగితం మీద రుద్దితే, కింద ఉన్న దళసరి పేజీ మీద నీలిచుక్కల తీగ ఒకటి పడుతుంది. ఆ పైన రంగు పూస్తాను, పాత బస్సు టికెట్టో చీర అంచు ముక్కో అతికిస్తాను, డిజైను కత్తిరించిన ప్లాస్టిక్ రేకు, అదే స్టెన్సిల్, పెట్టి స్పాంజితో అద్దుతాను, చెక్క అచ్చులు కొడతాను. ఇలా నింపిన పుస్తకాన్ని ఆర్ట్ జర్నల్ అంటారు. నా దగ్గర నేర్చుకునే ఆడవాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి వస్తారు కాబట్టి వాళ్ళకి పేరు నాకంటే బాగా తెలుసు. ఆ వాసన మాత్రం పడదు, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంటారు. నాకేమో ఆ మూత తీయగానే నందిగామలో షంషాద్ గారి షాపు కళ్ళకు కడుతుంది. ఆవిడ గొంతు కూడా వినిపిస్తుంది. అది చిన్న గొంతేం కాదు.

ఆవిడని కలిసేనాటికి నేను చెయ్యి చెడిన డ్రాయింగ్ టీచర్ని. విజయవాడ నుంచి స్కూటీ మీద వస్తూ కీసర దగ్గర హైవే మీద జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ప్లేటు వేసి బిగించారు, ఎముక అతుక్కుంది గానీ వణుకు మిగిలిపోయింది. పెన్సిల్ పట్టుకుంటే గీత పురుగు పాకినట్టు వచ్చేది. నేను పనిచేసే ప్రైవేటు స్కూలు వాళ్ళు ఎంతో మర్యాదగా డ్రాయింగ్ పీరియడ్లు వేరే ఆయనకిచ్చి నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. రంగులన్నీ అట్టపెట్టెలో సర్ది అటకెక్కించేశాను. ఇక ఈ జన్మకి బొమ్మ వేయనని తేల్చుకున్నాను. మావారు ఎప్పుడైనా ఆ మాటెత్తితే కరిచినంత పని చేసేదాన్ని.

మా ఆడపడుచు కూతురి పెళ్ళి జాకెట్టుకి డిజైను వేయించే పని నా మీద పడి నందిగామ వెళ్ళాను. బస్టాండుకి కాస్త ఇవతల, మందుల షాపు పైన మేడ. పొడవాటి బల్ల, దాని మీద దుప్పట్లు పరిచి గట్టిగా బిగించిన మెత్త, గోడ నిండా మేకులకి వేలాడే ప్లాస్టిక్ స్టెన్సిళ్ళు, అలమరలో చెక్క అచ్చులు, గదంతా కిరసనాయిలు కలిపిన నీలిమందు వాసన, పని చేసే నలుగురు అమ్మాయిలు. వాళ్ళ మధ్య షంషాద్ గారు, ఒక చెవికి ఫోను, రెండు చేతులకీ గాజులు. పరిటాల నుంచి వేదాద్రి దాకా ఏ పెళ్ళికూతురినైనా అడిగి చూడమని, తన పని లేని జాకెట్టు ఉండదని నేను అడక్కుండానే చెప్పారు. ఆ రోజు నా మనసు అసలే బాగాలేదు. డ్రాయింగ్ టీచర్నని చెప్పి, ఇదంతా అచ్చు కొట్టడమే కదా, ఇందులో గీసేదేముందని అనేశాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు.

“గీయడం నాకు రాదండి. వస్తే మీలాగా టీచరయ్యేదాన్ని. రాలేదు కాబట్టి షాపు పెట్టా” అన్నారు.

తర్వాత రసీదు మీద నా ఫోన్ నంబరు రాయమన్నారు. రాశాను. ఆ వంకర అంకెల వైపు చూసి, నా చేతి వైపు చూసి, ఎలా జరిగిందని ఒక్క ముక్క కూడా అడగలేదు. రంగు అద్దిన మామిడాకు అచ్చు ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు, కింద పాత పేపరు పరిచారు. వేళ్ళతో ఒత్తొద్దని, ఎడంచేత్తో నిలబెట్టి కుడి పిడికిలితో పైనుంచి గుద్దమని, బలం భుజంలోంచి రావాలని చెప్పారు. గుద్దాను. అచ్చు తీసి చూస్తే అంచులు చెదరకుండా, ఈనెలతో సహా ఆకు పడింది. మళ్ళీ గుద్దాను. పేపరంతా ఆకులతో నింపేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షంషాద్ గారు ఇటు చూడకుండా ఫోన్లో ఎవరినో రంగు డబ్బాలు ఇంకా పంపలేదని కేకలేస్తున్నారు.

అది మొదలు ప్రతి శనివారం మధ్యాహ్నం నందిగామ బస్సెక్కేదాన్ని. ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. గుడ్డ మీద పెట్టే ముందు ప్రతి అచ్చునీ, ప్రతి స్టెన్సిల్‌నీ పాత కాగితం మీద ఒకసారి కొట్టి చూడాలి. అదే కాగితం మీద ఉదయం నుంచి సాయంత్రం దాకా కొడుతూనే ఉంటారు. ఏనుగు మీద మల్లెపందిరి, దాని మీద నీలిచుక్కలు, దాని మీద ఎవరో చేతులు తుడుచుకున్న ఎరుపు. సాయంత్రం చెత్తబుట్టలోకి పోయే ఆ కాగితాలు నాకు ముద్దొచ్చేవి. ఇంటికి తెచ్చి దళసరి పుస్తకంలో అతికించి, వాటి మీద ఇంకో పొర, ఆ పైన మరో పొర వేసేదాన్ని. తప్పు పడితే దాన్ని చెరపలేం కాబట్టి, దానికి తోడు ఏం వేస్తే బాగుంటుందో చూసుకోవడమే. అటక మీది పెట్టె కిందికి దిగింది. చిత్తు కాగితాలకి ఇన్ని సోకులేమిటని షంషాద్ గారు నవ్వేవారు గానీ, వారం వారం నా పుస్తకం చూడకుండా టీ ఇచ్చేవారు కాదు. అండీ గిండీ పోయి నేను టీచరమ్మనయ్యాను, ఆవిడ నాకు అక్క అయ్యారు.

అసలు పరీక్ష ఆ ఏటి మాఘమాసంలో వచ్చింది. ఊళ్ళో పెద్ద హోల్‌సేల్ కిరాణా వ్యాపారి ఇంటి పెళ్ళి. పెళ్ళికూతురి జాకెట్టుకి పట్టుగుడ్డ, రెండు చేతుల మీదా నెమళ్ళు. ఒక చేతికి అద్దాక, రెండో చేతికి స్టెన్సిల్ తిరగేయాలి, అప్పుడే నెమళ్ళు ఎదురెదురుగా చూస్తాయి. తిరగేయాలంటే ముందు దాన్ని కడిగి ఆరబెట్టాలి, లేకపోతే తడిరంగు గుడ్డకి అంటుతుంది. అమ్మాయిల చేత ఆ పని వందసార్లు చేయించిన మనిషి, ఆ రోజు ఫోన్లో తన పనితనం గురించి తనే చెప్పుకుంటూ, కడగకుండా తిరగేయకుండా అలాగే అద్దేశారు. పూర్తయ్యాక చూస్తే అన్ని నెమళ్ళూ ఒకే వైపు చూస్తున్నాయి. జాకెట్టు కుట్టాక ఒక చేతి మీదివి ముందుకీ, ఇంకో చేతి మీదివి వెనక్కీ చూస్తాయన్నమాట. ఆ గుడ్డ మళ్ళీ దొరికేది కాదు. షంషాద్ గారు పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేసి, తప్పు నాదేనండి, సాయంత్రం వచ్చి చూసుకోండి, నచ్చకపోతే ఇంకో రకం గుడ్డ నా డబ్బుతో కొనిస్తా అని ఒక్క గుక్కలో చెప్పేశారు. పెట్టేశాక కుర్చీలో కూలబడ్డారు.

నేనే అన్నాను, ప్రతి నెమలికీ ఎదురుగా ఇంకో నెమలిని నిలబెడదామని. రెండు చేతుల మీదా జంటలే ఉంటే ఎటు చూస్తున్నాయన్న గొడవే ఉండదు. అటువైపు చూసే నెమలి చెక్క అచ్చు అలమరలో ఉంది. నా పుస్తకంలో అయితే క్షణం ఆలోచించేదాన్ని కాదు. కానీ ఇది పట్టు, ఒక్క దెబ్బ పక్కకి పోయినా ఇక చేసేదేమీ లేదు. ఆవిడ అచ్చు తీసి నా చేతిలో పెట్టారు.

“నేనా అక్కా? చెయ్యి వణికితే?” అన్నాను.

“ఇవాళ నా చెయ్యీ వణుకుతోంది. నాకది కొత్త, నీకు అలవాటే. నువ్వే కొట్టు” అన్నారు.

నిజంగానే ఆవిడ గాజులు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే భయం సగం పోయింది. ఎడంచేత్తో అచ్చు నిలబెట్టి గుద్దాను. ఒక్కో నెమలి ముందుకి ఒక్కో నెమలి వచ్చి నిలబడింది. చివరిది పడేసరికి నా జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఒక్కటి కూడా పక్కకి పోలేదు. సాయంత్రం పెళ్ళికూతురి తల్లి తగువుకి సిద్ధపడే వచ్చింది, వెంట తోడికోడల్ని కూడా తెచ్చుకుంది. గుడ్డని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, తప్పెక్కడుందని అడిగింది. చూపించాం. వెళ్ళేటప్పుడు చిన్నమ్మాయి ఓణీకి కూడా ఇలాగే జంటలే వేయమని చెప్పి వెళ్ళింది. వాళ్ళు మెట్లు దిగాక షంషాద్ గారు అమ్మాయిలందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

జంట నెమళ్ళతో వచ్చిన ఆ పేరు పట్టుకుని ఆవిడ నన్ను ఊరుకోనివ్వలేదు. నా పేజీలు షాపు అద్దాల్లో పెట్టారు, మేడ మీదే ఆదివారం క్లాసు పెట్టించారు, విజయవాడలో చిత్రకళా ప్రదర్శన ఉందని తెలిస్తే నా బదులు తనే దరఖాస్తు పెట్టి వచ్చారు. అక్కడ మొదటిరోజు నా పేజీల ముందు జనం గట్టిగానే ఆగారు. ఒకావిడ పెద్ద పేజీ ఒకటి కొంటానని, కింద సంతకం పెట్టిమ్మని అడిగింది. అప్పటిదాకా నేను ఏ పేజీ మీదా సంతకం పెట్టలేదు. అచ్చుకి వణుకు లేదు గానీ, పేరు రాయాలంటే పెన్ను పట్టాల్సిందే. పేరు అచ్చు చేయించుకుని రేపు తెస్తానని నసిగాను. షంషాద్ గారు తన సంచిలోంచి పెన్ను తీసి ఇచ్చారు.

“పెట్టవే. ఎలా పడితే అలా పడనీ. ఇన్ని పొరలు వేసింది ఆ చెయ్యే కదా” అన్నారు.

అందరూ చూస్తుండగా పెట్టాను. అక్షరాలు వంకరలు పోయాయి, చివర గీత పైకీ కిందికీ ఎగిరింది. కొన్నావిడ సంతకం వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది. అన్నిటికంటే ఇదే నాకు నచ్చిందండి అంది. షంషాద్ గారు పక్కనున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ ఇవన్నీ వేసింది మా టీచరమ్మేనని చెప్పడం మొదలుపెట్టారు. హాలంతా వినపడింది. నాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది, గర్వమే ఎక్కువ.

ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. షాపు ఆ అమ్మాయిలే నడుపుతున్నారు, బాగా నడుపుతున్నారు. స్కూలువాళ్ళు నా డ్రాయింగ్ పీరియడ్లు నాకు తిరిగిచ్చారు. ఇప్పుడు నా పేజీలు ఊళ్ళు దాటి పోతున్నాయి. పేరు అచ్చు ఒకటి చేయించుకోమని ఇప్పటికీ ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. నవ్వి ఊరుకుంటాను. ప్రతి పేజీ కిందా కుడిచేత్తోనే నా పూర్తి పేరు రాస్తాను. గీత వణుకుతుంది. దిద్దను.